షోరూమ్ ఆయిలా, ఆటోనగర్ ఆయిలా

పోయినేడు జూన్ మొదట్లో, కాలవలకి నీళ్లు వదిలేలోపు ట్రాక్టర్ బండి రెడీ చేసుకుందామని షోరూమ్‌లో సర్వీసింగ్‌కి ఇచ్చా. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు రెండు, ఎయిర్ ఫిల్టర్ సెట్టు, హైడ్రాలిక్ ఫిల్టరు, వెనక గేర్‌బాక్సు ఆయిలు మొత్తం, లేబరు, అన్నీ కలిపి 21 వేల 600 బిల్లేశారు. ఇంటికొచ్చి బిల్లు అరుగు మీద పెట్టి మంచినీళ్లు తాగుతుంటే మా బావ అది తీసి చూసి పకపకా నవ్వాడు. "ఏం బావా, షోరూమోళ్లకి అల్లుడివయ్యావా ఏంటి, ఆటోనగర్ వెళ్తే ఇందులో సగానికి అయిపోయేది కదా" అన్నాడు. ఆటోనగర్ అంటే విజయవాడ ఆటోనగరే, మా తెనాలి వైపు వాళ్లకి బండి సామాను అనగానే కాళ్లు అటే పోతాయి.

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఏడాది పాటు ఈ విషయం మీద బావతో, మా మెకానిక్ బాబాయితో, షోరూమ్ పార్ట్స్ కౌంటర్ కుర్రాడితో గొడవ పడుతూనే ఉన్నా, చివరికి నాకొక అభిప్రాయం కుదిరింది. బావ చెప్పేది సగం తప్పు, షోరూమ్ వాళ్లు చెప్పేది ఇంకో సగం తప్పు. ఆయిళ్ల విషయంలో బయట కొనడానికి భయపడక్కర్లేదు, ఫిల్టర్ల దగ్గర మాత్రం పిసినారితనం చూపించకూడదు. మా ఊళ్లో మెజారిటీ జనం చేసేది సరిగ్గా దీనికి రివర్సు, ఆయిలు షోరూమ్‌ది పోస్తారు, దాని పక్కన 120 రూపాయల ఫిల్టరు బిగిస్తారు. ఎందుకంటే ఆయిలు కళ్లకి కనపడుద్ది, ఫిల్టరు లోపల ఏముందో కనపడదు.

ముందు బావ చెప్పిన సగం లెక్క చూద్దాం. మా బండికి వెనక 45 లీటర్లు పడుద్ది. షోరూమ్‌లో 20 లీటర్ల బకెట్ 6,300, ఆటోనగర్‌లో ఒక పెద్ద ఆయిల్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అదే పనికొచ్చే బకెట్ 4,600. రెండు బకెట్లు, ఒక అయిదు లీటర్ల డబ్బా కలిపితే తేడా 3,800 పైన వచ్చింది. ఇంజన్ ఆయిల్లో ఓ ఆరొందలు. ఫిల్టర్లన్నీ బయటవి, అదీ చవకరకం వేస్తే ఇంకో వెయ్యి. అంతా కలిపితే అయిదున్నర వేలు కూడా లేదు, అంటే బిల్లులో పావు వంతు. సగం ఎక్కడుంది బావా అంటే "ఏదో మాట వరసకి అన్నాలే" అన్నాడు. కానీ ఆ లెక్క రాసుకున్నాకే నాకు అసలు సంగతి అర్థమైంది, ఆ పావులో చాలావరకు ఆయిళ్లదే, ఫిల్టర్ల వాటా వెయ్యి రూపాయలు. మిగలాల్సిన డబ్బు ఆయిల్లో ఉంటే మనం ఫిల్టర్ దగ్గర కక్కుర్తి పడుతున్నాం.

ఇప్పుడు షోరూమ్ మాట. "సార్ ఇది కంపెనీ ఆయిలు, మన ఇంజన్ కోసమే తయారు చేసింది" అంటాడు కౌంటర్ కుర్రాడు. ట్రాక్టర్ కంపెనీలు ట్రాక్టర్లు తయారు చేస్తాయి గానీ వాళ్లకి ఆయిల్ రిఫైనరీలు లేవు కదా. ఆయిలు చేసేది ఆయిల్ కంపెనీలే, సెర్వో అమ్మే ఇండియన్ ఆయిల్, మ్యాక్ అమ్మే భారత్ పెట్రోలియం, హిందుస్తాన్ పెట్రోలియం, క్యాస్ట్రాల్, గల్ఫ్, వాల్వొలీన్ లాంటోళ్లు. ట్రాక్టర్ కంపెనీ నాకు ఈ ఈ గుణాలు కావాలని చెప్తే ఎవరో ఒకరు కలిపిచ్చి ఆ కంపెనీ డబ్బాలో నింపుతారు. బావ ఈ ముక్క పట్టుకుని "చూశావా, అంతా ఒకటే నూనె" అంటాడు. అక్కడే పొరపాటు. ఒకే వంటవాడు వండినంత మాత్రాన పులుసు, పాయసం ఒకటవ్వవు కదా, ఏ గిన్నెలో ఏముందో చూడాలి. అది డబ్బా వెనక రాసుంటుంది, మనం చదవం.

మనలో చాలామంది 15డబ్ల్యూ-40 అని కనపడగానే చాలనుకుంటాం. అది చిక్కదనం ఒక్కటే చెప్పుద్ది, చలిలో ఎంత పారుద్ది, వేడిలో ఎంత నిలబడుద్ది అని. ఆయిలు ఏ తరానిదో చెప్పేది దాని పక్కన ఉండే ఏపీఐ అక్షరాలు, ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. డీజిల్ ఇంజన్లకి సీ తో మొదలవుతాయి. సీడీ అనేది 1955 నాటిది. సీఎఫ్-4 వచ్చింది 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో. మసిని పట్టి ఉంచడంలో, అరుగుదల ఆపడంలో ఒకదాని కంటే తర్వాతది మెరుగు. ఇప్పటికీ పల్లెటూరి షాపుల్లో ట్రాక్టర్ బొమ్మేసి వెనక సన్న అక్షరాల్లో సీడీ అని రాసుండే డబ్బాలు దొరుకుతాయి, ధర చూస్తే ముచ్చటేస్తది. మీ బండి పుస్తకంలో సీహెచ్-4 అనో సీఐ-4 అనో రాసుంటే అదే అక్షరాలున్న పేరున్న కంపెనీ డబ్బా ఎక్కడ కొన్నా ఇంజన్‌కి తెలీదు, అది బొమ్మ చూసి తాగదు.

రంగు సంగతొకటి చెప్పాలి. మా నాన్న ఆయిలు పోసిన వారానికి గేజి తీసి చూసి నల్లగా ఉంటే "దొంగ ఆయిల్రా ఇది, అప్పుడే మసైపోయింది" అనేవాడు. డీజిల్ ఇంజన్లో ఆయిలు నల్లబడటం మామూలే, లోపల గోడలకంటిన మసిని కడిగి తనలో పెట్టుకుంటే నల్లబడుద్ది. వంద గంటలైనా తేనె రంగులో మెరుస్తుంటేనే నాకు అనుమానం, మసి ఎక్కడ పేరుకుంటుందో అని. రెండు వేళ్ల మధ్య రాసి జిగురు చూడటం కూడా అంతే, దాంతో ఏమీ తేలదు, చేతులు మురికవ్వడం తప్ప.

అసలు కొంప ముంచేది వెనక ఆయిలు. నాన్న కొన్న పాత బండికి డ్రై బ్రేకులు, వెనక ఏ 90 గేర్ ఆయిలు పోసినా నడిచింది, ఇరవై ఏళ్లు నడిచింది. ఇప్పుడు నా బండికి ఆయిల్ బ్రేకులు. అంటే బ్రేకు ప్లేట్లు ఆయిల్లోనే మునిగుంటాయి, అదే ఆయిలు గేర్లని కాపాడాలి, అదే ఆయిలు వెనక పనిముట్టు లేపే లిఫ్ట్ ఎత్తాలి. ఒకే నూనెతో మూడు పనులు, అందులో రెండు పనులు ఒకదానికొకటి పడవు. గేర్లకి బాగా జారాలి, బ్రేకులకి మరీ జారకూడదు. అందుకే దానికంటూ వేరే రకం మందులు కలిపి చేస్తారు, యూటీటీఓ అంటారు, షాపులో వెట్ బ్రేక్ ఆయిల్ అంటే ఇస్తారు.

మూడేళ్ల కిందట ఇది నాకు తెలీదు. దాళ్వా, అదే రెండో పంట కోతలప్పుడు వెనక ఆయిలు తగ్గిందని దారిలో ఒక షెడ్డులో ఆపితే ఆ అబ్బాయి ఉన్న 90 ఆయిలు ఓ పది లీటర్లు కుమ్మరించి పంపించాడు, నేనూ పక్కనే నిలబడి చూశా, నోరెత్తలా. వారం తిరిగేసరికి ధాన్యం లోడు ట్రక్కుతో కరకట్ట దిగుతూ బ్రేకు తొక్కితే వెనక నుంచి పంది అరిచినట్టు ఒకటే అరుపు, రోడ్డు పక్క టీ బంకులో వాళ్లు లేచి చూశారు. పొద్దున్నే లిఫ్ట్ ఎత్తాలంటే ఆలోచించి ఆలోచించి లేచేది. మా మెకానిక్ బాబాయి వచ్చి మూత తీసి వాసన చూసి "ఎవడ్రా ఇందులో 90 పోసింది, సాంబార్లో పెరుగు కలిపినట్టుంది" అన్నాడు. మొత్తం దింపి, స్ట్రెయినర్ కడిగి, కొత్త ఆయిలు పోస్తే అరుపు తగ్గడానికి ఇంకో వారం పట్టింది. తప్పు ఆటోనగర్‌దీ కాదు షోరూమ్‌దీ కాదు, డబ్బా మీద ఏముందో చదవని నాది, ఆ అబ్బాయిది.

ఈ పేర్ల మాయ మన దగ్గరే కాదు. అమెరికాలో జాన్ డీర్ వాళ్లకి ఒకప్పుడు 303 అనే ట్రాక్టర్ ఆయిలు ఉండేది. అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు, బ్రేకులకి, గేర్లకి అది బ్రహ్మాండంగా పనికొచ్చేది. 1970ల్లో తిమింగలాల్ని కాపాడే చట్టాల దెబ్బకి ఆ నూనె ఆగిపోయింది, దాంతో 303 కూడా పోయింది, దాని బదులు కొత్త ప్రమాణాలొచ్చాయి. కానీ 303 అనే అంకె మాత్రం రైతుల నోళ్లలో ఉండిపోయింది. ఆ ప్రమాణం పోయినా ఆ అంకె బకెట్ మీద వేసి చవకగా అమ్మేవాళ్లు దశాబ్దాల పాటు అమ్మారు, దానికి ఇక కొలతే లేదు కాబట్టి లోపల ఏం పోసినా అడిగేవాడు లేడు. చివరికి 2017లో మిస్సోరి రాష్ట్ర వ్యవసాయ శాఖ శాంపిళ్లు టెస్టు చేయించి దాని అమ్మకం ఆపించింది, రైతులు కోర్టుకెక్కారు. అక్కడ కూడా జనం బకెట్ ముందు వైపే చూశారన్నమాట.

అదే జాన్ డీర్ వాళ్ల ఇప్పటి కొలత పేరు జే20సీ. మాసీ ఫెర్గూసన్‌వి ఎం1135, ఎం1145 లాంటివి, ఫోర్డ్ న్యూ హాలండ్ వైపు ఎం2సీ134-డీ. ఇవి దాచిపెట్టుకున్న రహస్యాలు కాదు, బయట ఆయిల్ కంపెనీలు తమ బకెట్ వెనక వీటిని వరసగా రాస్తాయి. బండి పుస్తకంలో ఉన్నది బకెట్ వెనక ఉందా లేదా, అంతే చూడాల్సింది. ట్రాక్టర్లన్నిటికీ సరిపోద్ది అని పెద్దక్షరాలేసి వెనక ఒక్క కొలతా రాయని బకెట్‌ని నేనైతే ముట్టుకోను, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. అట్లాగే ఒక రకం పోసుకున్నాక దాంట్లో ఇంకో రకం కలపను, తగ్గితే అదే తెచ్చి పోస్తా, అందుకే ఒక అయిదు లీటర్ల డబ్బా ఎప్పుడూ ఇంట్లో ఉంచుతా.

ఇక్కడ డెల్టా వాళ్లకి మాత్రమే అర్థమయ్యే లెక్క ఒకటుంది. దమ్ములో, అదే నాట్లకి ముందు నీళ్లు పెట్టి పొలం బురద చేసేటప్పుడు, బండి నెల రోజులు ఇరుసు దాకా బురదలో ఉంటది. బురదలో దిగబడకుండా వేసే ఇనప చక్రాలకి, అదే కేజ్ వీల్స్‌కి చుట్టుకున్న గడ్డీ, బురదా సీళ్లని కోసేస్తాయి, నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి, ఆగస్టులో గేజి తీస్తే ఆయిలు చిక్కటి టీ లాగా పాలరంగు తిరిగుంటది. అప్పుడు అందులో ఉన్నది 6,300 బకెట్టా 4,600 బకెట్టా అనేది ఎవడికి కావాలి, రెండూ ఒకటే, రెండూ పారబోయాల్సిందే. ఖరీదైన ఆయిలు పోసినవాడికి దాన్ని దింపబుద్ధి కాదు, "పుస్తకంలో ఇంకా గంటలున్నాయి కదా" అని ఆ పాలతోనే రబీ కూడా లాగిస్తాడు, బేరింగులు తుప్పు పడతాయి. బయట ఆయిలు కొనడానికి నా దగ్గరున్న పెద్ద కారణం ఇదే. మిగిలిన నాలుగు వేలు జేబులో వేసుకోవడానికి కాదు, అవసరమైనప్పుడు మనసు పీకకుండా దింపెయ్యడానికి.

ఇప్పుడు ఫిల్టర్లకొద్దాం. ఆయిల్ డబ్బా మీద అక్షరం ఒక మాట ఇచ్చినట్టు, తప్పితే శాంపిల్ తీసి టెస్టు చేసి పట్టుకోవచ్చు. ఫిల్టర్ డబ్బా మీద ఏముంటది? ఫలానా బండికి సరిపోద్ది అని ఒక నంబరు. చుట్టూ మర సరిపోద్ది, రబ్బరు సరిపోద్ది, నిజమే. లోపల కాయితం ఎంత సన్న చెత్తని ఆపుద్దో, ఎంత చెత్తకి నిండిపోద్దో దాని మీద రాయరు. అందుకే నేను ఓ పని చేశా. పాతబడి తీసేసిన కంపెనీ ఆయిల్ ఫిల్టరు ఒకటి, ఊళ్లో షాపులో కొన్న కొత్త చవక ఫిల్టరు ఒకటి లేతు షెడ్డులో అడ్డంగా కోయించా. కంపెనీదాంట్లో కాయితం మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉన్నాయి, చవకదాంట్లో మడతలు లెక్కపెడితే సగానికి కాస్త ఎక్కువ, ఒకచోట గమ్ము అంటక రెండు మడతల మధ్య వేలి గోరు దూరింది. ఆ సందు ఉన్నాక మిగతా కాయితం ఎంత మంచిదైతే ఏంటి, చెత్త దారి వెతుక్కోదా? ఇంకో తేడా, బండి ఆపాక ఆయిలు ఫిల్టర్లోంచి కిందకి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు ఉంటది, చవకదాంట్లో అది అట్టముక్క లాగా గట్టిగా ఉంది. అది పని చెయ్యకపోతే పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆయిల్ ప్రెజర్ లైటు ఆరడానికి టైం పడుద్ది, ఆ కాసేపు ఇంజన్ పొడిగా తిరుగుద్ది.

ఒక్క ఫిల్టరు కోసి ప్రపంచమంతా ఇంతే అనను. బయటి ఫిల్టర్లన్నీ చెత్త కూడా కాదు. బాష్, మాన్, మాలే, ఫ్లీట్‌గార్డ్, డొనాల్డ్‌సన్ లాంటోళ్లు ఇంజన్లు, బళ్లు చేసే కంపెనీలకే సామాను ఇచ్చేవాళ్లు, వాళ్ల డబ్బాలో మన బండి నంబరు దొరికితే కళ్లు మూసుకుని వేస్తా. నేను వద్దనేది పేరూ ఊరూ లేని డబ్బాలని. ఆయిల్ ఫిల్టర్ దగ్గర 150 మిగిలించుకుని మనం కొనే స్థలం ఏమీ లేదు.

డీజిల్ ఫిల్టర్ దగ్గరైతే ఇంకా. పాత పంపులు కాస్త మొండివి, కొంచెం దుమ్ము తిన్నా దగ్గుకుంటూ నడుస్తాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పి దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్ 4 అనే పొగ కాలుష్యం నిబంధన వచ్చి అవి చాలావరకు కామన్ రైల్ ఇంజన్లయ్యాయి, అంటే డీజిల్‌ని బాగా ఒత్తిడితో ఇంజెక్టర్లు చిమ్మే రకం. వాటి ఇంజెక్టర్లలో వేలకి వేల పీఎస్‌ఐ ప్రెజరు, లోపల సందులు మైక్రాన్లలో ఉంటాయి, వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. మా బావ అలాంటి బండి కొని, వారంటీ అయ్యీ కాకముందే డీజిల్ ఫిల్టరు "మనోడి షాపు"లో కొని వేశాడు. రోటవేటర్ వేస్తుంటే బండి ఊపిరాడనట్టు పడిపోవడం మొదలెట్టింది, చివరికి రెండు ఇంజెక్టర్లు మార్చారు. ఎంతైందో ఇంతవరకు నాకు చెప్పలా, అక్కని అడిగితే "ఆ ఊసెత్తొద్దు తమ్ముడూ" అంది. నిజం చెప్పాలంటే అది ఫిల్టర్ తప్పే అని నేను ఒట్టేయను, బావ డీజిల్ పోసే డ్రమ్ము లోపల తుప్పు పొరలు పొరలుగా ఉంటది, నేను చూశా. కానీ తుప్పు డ్రమ్ము ఉన్నవాడికే కదా మంచి ఫిల్టరు ఇంకా అవసరం.

ఎయిర్ ఫిల్టర్ గురించి క్లుప్తంగా. పాత బండికి ఆయిల్ బాత్, గిన్నెలో గుర్తు దాకా ఆయిలు పోయడమే, కొనాల్సిందేమీ లేదు, కాబట్టి ఆ బండి దగ్గర ఈ గొడవే లేదు. కొత్తదానికి కాయితం ఎలిమెంట్లు రెండు. పెద్దదాన్ని టైరుకేసి కొట్టి దులపొద్దు, మడతలు చీలతాయి, లోపల్నుంచి బయటకి మెల్లగా గాలి కొట్టాలి. లోపలి చిన్నదాన్ని గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడమే. కూలెంటు కూడా అంతే, పచ్చదా ఎర్రదా అని రంగు చూసి కలపొద్దు, పుస్తకంలో చెప్పినది, డిస్టిల్డ్ వాటర్, మా బోరు నీళ్లైతే అసలు వద్దు, కెటిల్లో పేరుకునే తెల్ల సున్నం చూస్తే తెలుస్తది.

వారంటీ మాటెత్తితే అందరూ భయపడతారు. వారంటీ ఉన్నన్నాళ్లు నేను షోరూమ్‌లోనే అన్నీ చేయించా, బిల్లులు ఫైలులో ఉన్నాయి, ఇది ధైర్యం చూపించే చోటు కాదు. అలా అని "బయట చేయిస్తే మొత్తం వారంటీ పోద్ది" అని బెదిరించడం న్యాయమని కూడా అనను. 2014లో కంపెనీలు పోటీని అణచకుండా చూసే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డర్లో ఇదే చెప్పింది, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటే కుదరదు, ఆ బయటి పని వల్ల ఏది పాడైందో అంతవరకే కాదనొచ్చు అని. అది కార్ల కేసు, ట్రాక్టర్లది కాదు, కౌంటర్ దగ్గర ఆ కాయితం చూపిస్తే కుర్రాడు నవ్వుతాడు, కానీ న్యాయం బండి సైజుని బట్టి మారకూడదు కదా. అన్నట్టు 2025 సెప్టెంబర్లో ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అందులో పోసే ఆయిలు మీద మాత్రం 18 అలాగే ఉంది, మళ్లీ మళ్లీ కొనేది ఏదో సర్కారోళ్లకి బాగా తెలుసు.

ఇంకో శత్రువు ఉన్నాడు, వాడు షోరూమూ కాదు ఆటోనగరూ కాదు. డూప్లికేట్ డబ్బా. దొంగ ఎప్పుడూ బాగా అమ్ముడయ్యేదాన్నే కాపీ కొడతాడు, కాబట్టి కంపెనీ డబ్బా అనగానే నిశ్చింత అనుకోవద్దు. మా వీధిలోకి పాత సామానోడు వస్తాడు, మామూలు ప్లాస్టిక్‌కి కేజీ లెక్కన ఇస్తాడు, మూతతో సహా ఉన్న మంచి ఆయిల్ డబ్బాకి మాత్రం విడిగా రేటు. ఎందుకయ్యా అంటే "నీళ్లకి అడుగుతారండీ" అంటాడు. నీళ్లు పట్టుకోవడానికి లేబులు చిరగకుండా ఎందుకో! అప్పట్నుంచి ఖాళీ డబ్బాకి మేకు కాల్చి రెండు బొక్కలు పెట్టి గానీ ఇవ్వట్లా. కొనేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొంటా, బిల్లు తీసుకుంటా, క్యూఆర్ ఉంటే స్కాన్ చేస్తా. లూజు ఆయిలు, అదే డ్రమ్ములోంచి కొలిచి పోసేది, ఎంత చుట్టాల షాపైనా కొనను.

షోరూమ్‌ని మొత్తానికి తీసిపారేస్తున్నా అనుకోవద్దు. పోయిన జులైలో రాత్రి ఎనిమిదిన్నరకి దమ్ములో బండి ఆగిపోతే ఫోన్ చేసిన గంటన్నరకి వాళ్ల మెకానిక్కు బైకేసుకుని గట్టు మీదకొచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి టార్చిలైటు నోట్లో పెట్టుకుని పని చేశాడు. ఆటోనగర్ బకెట్‌తో పాటు ఆ కుర్రాడు రాడు. అందుకే ఫిల్టర్లన్నీ ఇప్పటికీ వాళ్ల దగ్గరే కొంటున్నా, మొహం చూపించుకున్నట్టూ ఉంటది.

ఈ ఏడు సర్వీసింగ్ ఇంట్లోనే పెట్టుకున్నా. షోరూమ్ ఫిల్టర్ల సెట్టు తెచ్చి అటక మీద పెట్టా, ఆటోనగర్ నుంచి బకెట్లు రెండూ నిన్న బస్సు మీద వచ్చాయి, వెనక కొలత చూసుకున్నా, ఉంది. బావ వచ్చి బకెట్లు చూసి ఏదో అనబోయి, పక్కన ఫిల్టర్ డబ్బాలు చూసి ఆగిపోయాడు. "ఆ డీజిల్ ఫిల్టరు మా బండి నంబర్ది కూడా ఒకటి చెప్పు బావా" అన్నాడు వెళ్తూ వెళ్తూ. డ్రమ్ము కూడా మార్చమని చెప్పా, దానికి మాత్రం పలకలా.